తడి అట్టల నిప్పుపూలు

కౌకో దుకాణంలోంచి బయటికొస్తూనే పిహ్లా తన సైకిల్‌ను ఒక్క తన్ను తన్నింది. ఆ పిల్లకు ఒళ్ళు మండిపోతోంది.

మండదా మరి? ఆరో తరగతి పిల్లలంతా రెండు వారాలు కూర్చుని నిప్పుపూలు చేశారు. గుడ్ల అట్టలను చింపి, పువ్వుల్లా చుట్టి, కరిగించిన కొవ్వొత్తి మైనంలో ముంచాలి. పొయ్యిలో కట్టెల కింద పెట్టి అగ్గిపుల్ల గీస్తే ఇట్టే అంటుకోవాలి. అవి అమ్ముడైతేనే సెప్టెంబరులో క్లాసంతా దీవికి క్యాంపుకు వెళ్ళేది. లేకపోతే లేదు. సరస్సు ఒడ్డునున్న వేసవి ఇళ్ళకు బయల్దేరేవాళ్ళందరూ కట్టెలు కొనేది కౌకో దగ్గరే. ఆయన కౌంటరు మీద ఒక్క బుట్ట పెట్టనిస్తే చాలు. ఆయన్ని ఒప్పించే పని పిహ్లా, ఆమె క్లాసువాడే అయిన వెయిక్కా తీసుకున్నారు.

పిహ్లా బట్టీ పట్టిన ప్రసంగాన్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. కౌకో అంతా విన్నాడు. ఒక పువ్వు తీసి బొటనవేలితో నొక్కాడు.

"ఇది వెలిగించి చూశావా అమ్మాయ్?"

"అగ్గిపెట్టె కొనేవాళ్ళు కూడా వెలిగించి చూసే కొంటారా?" అని పిహ్లా గయ్యిమంది.

కౌకో పువ్వును బుట్టలో పెట్టేసి, మేకుల డబ్బాలు సర్దుకోసాగాడు. పిహ్లా బుట్ట లాక్కుని విసవిసా బయటికొచ్చేసింది.

ఆయన కాదనలేదు కదా, ఒకటి వెలిగించి చూపిస్తే పోయేది అన్నాడు వెయిక్కా.

"లోపల స్తంభంలా నిలబడి, ఇప్పుడొచ్చావా నాకు చెప్పడానికి?"

బడిలో పిహ్లా ఒకటికి రెండు కలిపి చెప్పింది. కౌకో పిసినారి అంది. పిల్లలంటేనే పడదంది. భోజనాల వేళకల్లా ఆ దుకాణంలో మేకు కూడా కొనకూడదని క్లాసంతా ఒట్టు పెట్టుకుంది. అసలు ఆయన ఏమన్నాడని రీక్కా టీచర్ అడిగితే పిహ్లా నీళ్ళు నమిలింది.

శనివారం సాయంత్రం పెరట్లో ఆవిరి స్నానాల గది సౌనాలో పొయ్యి వెలిగిస్తూ అమ్మమ్మ, మీ నిప్పుపువ్వు ఒకటి పట్రావే, దాని ప్రతాపం చూద్దాం అంది. పిహ్లా గర్వంగా పెట్టి అగ్గిపుల్ల గీసింది. పువ్వు చిటపటలాడింది, పొగ చిమ్మింది, ఆరిపోయింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

అమ్మమ్మ దగ్గుతూ కళ్ళు తుడుచుకుంది. "అట్టలు ఎక్కడ దాచావే?"

"ఇక్కడే. బట్టలు మార్చుకునే గదిలో."

"వారం వారం సౌనా ఆవిరంతా పట్టే గదిలోనా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

క్లాసు అట్టలన్నీ దాచింది పిహ్లానే. ముంచేటప్పుడు అవి మెత్తగా తగిలాయి కూడా. ఆరబెడితే ఆలస్యమవుతుందని ఎవరికీ చెప్పలేదు. కౌకో బొటనవేలికి అది ఒక్క క్షణంలో తెలిసిపోయింది. ఇప్పుడు ఆ కోపం ఎవరి మీద చూపించాలి? పిహ్లాకు తన మీద తనకే అసహ్యమేసి ఏడుపొచ్చింది.

సోమవారం క్లాసు ముందు నిలబడి అంతా చెప్పేసింది. కౌకో ఏమడిగాడో చెప్పింది, తను ఏం దాచిందో చెప్పింది. రెండు వారాల కష్టం బూడిదలో పోసిందని పిల్లలు నానా మాటలూ అన్నారు. ఎదురు మాట్లాడకుండా అన్నీ పడింది. తర్వాత కొత్త అట్టలు పోగుచేసి బడి కిటికీల్లో ఎండకు పరిచింది.

గురువారం మళ్ళీ వెయిక్కాతో కౌకో దగ్గరికి వెళ్ళింది. ఈసారి ప్రసంగం లేదు. కౌంటరు మీద ఒక పువ్వు, పక్కన అగ్గిపెట్టె పెట్టింది.

"మొన్నటివి తడి అట్టలతో చేసినవి. నాకు తెలిసే చేశాను. పైగా మీ మీద అరిచాను. ఇది మీరే వెలిగించి చూడండి."

కౌకో దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి ఇనప బకెట్‌లో వేసి అగ్గిపుల్ల గీశాడు. మంట ఒక రేకు నుంచి ఇంకో రేకుకు పాకింది. అది పూర్తిగా కాలేదాకా ఆయన వంగి చూశాడు. 

"శనివారానికి ఎన్ని తెస్తావు?" అన్నాడు కౌకో.

వంద అని చెప్పమన్నట్టు వెయిక్కా మోచేత్తో పొడిచాడు.

"ఇరవై," అంది పిహ్లా. "మిగతావి ఇంకా ఆరలేదు."