ఒకే ఒక్క పెంగ్విన్

"దిల్షాద్ బేగంని ఈ సాయంత్రం నాలుగింటికి చంపుతారు."

బెంజ్ సర్కిల్ దగ్గర, ట్రావెల్స్ బోర్డు వెనక నడిచే సీక్రెట్ ఆఫీసులో చీఫ్ పూర్ణచంద్రరావు ఆ మాట కరెంటు కోత గురించి చెప్పినట్టు చెప్పాడు. ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ సిరాజ్‌కి ఒళ్లు మండిపోయింది. తనకు పని నేర్పింది ఆవిడే. ఏడాదిగా విదేశీ ముఠాలో ఉంటూ రహస్యాలు పంపుతోంది.

"ఎక్కడ సార్?"

"తెలీదయ్యా. హంతకుడికొచ్చిన మెసేజ్ కోడ్‌లో ఉంది. కంకిపాడులోనూ చల్లపల్లిలోనూ మనవాళ్లు రెడీ. కొత్త సర్వర్లలో ముఠా దూరింది. పాతదాని మీద విప్పు."

"దానికి ఆరు గంటలు పడుతుంది. టైమ్ ఒకటిన్నరైంది."

"ఏం చేస్తాం, ఉన్నదదే."

వెనక గదిలో పడేసిన 1996 నాటి సర్వర్ అది. నాలుగు ప్రాసెసర్లు. మూడు చచ్చాయని కన్సల్టెంట్ శాంభవి సర్టిఫికెట్ ఇచ్చింది. ఈ చీఫ్ మహానుభావుడు మూతైనా తీయకుండా సంతకం గీకేశాడు. మిగిలిన ఒక్కదాని కోసం లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిందీ శాంభవే.

సిరాజ్ పళ్లు కొరుకుతూ స్టీల్ మూత ఊడదీసి, స్విచ్ వేశాడు. మెషీన్ తన ప్రాసెసర్లు తానే లెక్కపెట్టుకుంది. నాలుగు. తర్వాత లైనక్స్ లేచింది. స్క్రీన్ మూలన ఒకే ఒక్క పెంగ్విన్ బొమ్మ.

లైనక్స్ తను వాడుకునే ప్రాసెసర్‌కి ఒక పెంగ్విన్ చొప్పున చూపిస్తుంది. నాలుగుంటే నాలుగు కనపడాలి. అంటే ఏదీ చావలేదు. ఒక్కదాన్నే వాడే కెర్నెల్‌ని, అంటే లైనక్స్ గుండెకాయని, శాంభవి కావాలనే ఎక్కించింది. నలుగురు కూలీల్లో ముగ్గుర్ని గట్టున కూర్చోబెట్టి ఒకడిచేత కోత కోయించినట్టు.

"తెలివైనవాడివే సిరాజ్."

గుమ్మంలో శాంభవి. పట్టుచీర, ఖరీదైన సెంటు, చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్.

"దిల్షాద్ ఆపా నిన్ను సొంత చెల్లెల్లా చూసుకుంది. సిగ్గులేదూ?"

"ముఠాలో నా ఉద్యోగం నాది. లే అక్కణ్ణుంచి."

సిరాజ్ లేచాడు, స్టీల్ మూతతో సహా. అది ఆమె మణికట్టుకి తగిలింది. గుండు సీలింగ్‌లోకి పోయింది. ఏసీ వైరుతో ఆమెని కిటికీ ఊచలకు కట్టేసి, లైనక్స్ సీడీలోంచి అన్ని ప్రాసెసర్లనూ వాడే కెర్నెల్ ఎక్కించి రీబూట్ చేశాడు.

వరసగా నాలుగు పెంగ్విన్లు. టైమ్ రెండూ ఇరవై అయిదు. ఆరు గంటల పని ఇక గంటన్నరే.

ఫ్యాన్లు హోరెత్తాయి. మూడున్నర. మూడూ యాభై. సిరాజ్ చీఫ్‌ని తిట్టని తిట్టు లేదు. మూడూ యాభై ఎనిమిదికి అక్షరాలు విడిపోయాయి: చల్లపల్లి బస్టాండ్, సోడా బండి.

సిరాజ్ చల్లపల్లిలో కాపున్న ఏజెంట్‌కి ఫోన్ కొట్టాడు. "రిజ్వాన్, హంతకుడు సోడా బండివాడే. పట్టుకో."

ఫోన్లో కేకలు, గాజు పగిలిన చప్పుడు.

"నేనే, సిరాజ్," అంది దిల్షాద్ బేగం. "విషం కలిపిన సోడా నోటిదాకా వచ్చింది. రిజ్వాన్ లాగేశాడు."

"బతికున్నారు కదా ఆపా," అన్నాడు సిరాజ్.

మర్నాడు చీఫ్ నుంచి మెమో వచ్చింది. పనికిరాదని కండెమ్ చేసిన ప్రభుత్వ ఆస్తి మూత అనుమతి లేకుండా తీసినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.

సిరాజ్ కిందనే రాసిచ్చాడు: "సంతకం పెట్టేముందు తమరు తీసుంటే, నేను తీయాల్సి వచ్చేది కాదండి."