సున్నా జననాల గుట్ట

నీలవేణి బాణంసూదిని గొట్టంలోకి ఎక్కించి, తుపాకీని జీపు కిటికీకి ఆనించింది. సూదిలో ఉన్నది చుక్కంత ద్రవం. అందులోని డీఎన్‌ఏ వలయాలు కోతి కండరంలోకి దిగి, అండం పైపొరలో ఉండే ఒక ప్రొటీన్‌ను తయారు చేయిస్తాయి. ఒళ్ళు దాన్ని పరాయిదనుకుని ప్రతిరక్షకాలను పుట్టిస్తుంది. అవి అండాన్ని కమ్ముకున్నాక వీర్యకణం దాన్ని అంటుకోలేదు, పిల్లలు పుట్టవు. కోత లేదు, కుట్టు లేదు. రెండేళ్ళకోసారి మళ్ళీ వేస్తే చాలు.

"తర్వాతిది ఎనభైమూడు. మొక్కజొన్న చేను గట్టుమీద," అని గుట్టకన్ను చెవిలో చెప్పింది. గుట్టంతా పరచిన ఆ కెమెరాల వలకు ప్రతి కోతి ముఖమూ తెలుసు. డ్రైవర్ యాకూబ్ జీపును అటు తిప్పాడు.

పశువైద్యురాలిగా నీలవేణికి ఈ పని ఇష్టం. ఒకప్పుడు ఇక్కడ రైతులు కోతులను తోలడానికి డబ్బాలు వాయిస్తూ చేలల్లోనే కాపురం ఉండేవారు. కొందరు విషం కూడా పెట్టారు. ఇప్పుడు కంకులు ఇళ్ళకు చేరుతున్నాయి, అందుకోసం ఒక్క ప్రాణమూ పోవడం లేదు.

ఎనభైమూడు గట్టుమీద కూర్చుని ఉంది. దాని ఒడిలో కుక్కపిల్ల. కోతి ఆ పిల్ల చెవుల వెనక పేలు చూస్తోంది.

చేను యజమాని బానోతు మంగ్లి జీపు దగ్గరికి వచ్చి సంగతి చెప్పింది. కుక్కపిల్ల వాళ్ళింటిదే. పొద్దున్నే కోతి ఎత్తుకుపోతుంది, ఆకలికి కుయ్యిమంటే తెచ్చి వాకిట్లో దింపుతుంది. పాలు తాగేదాకా గోడమీద కూర్చుని, మళ్ళీ తీసుకుపోతుంది. మొదట్లో మొరిగిన తల్లికుక్క ఇప్పుడు ఊరుకుంటోందట.

"గురి కుదిరింది," అంది గుట్టకన్ను.

మంగ్లి జీపు తలుపు పట్టుకుంది. "దీనికి ఎయ్యకు మేడం."

కోతుల బెడద తీర్చమని కలెక్టరాఫీసు ముందు కూర్చున్నవాళ్ళలో మంగ్లిదే పెద్ద గొంతు. నీలవేణికి ఆ సంగతి తెలుసు.

"పిల్లలైతే మళ్ళ నీ చేనుమీదనే పడతయి గదా, మంగ్లమ్మా."

"తక్కువ చెయ్యమన్నం. అసలే లేకుంట చెయ్యమనలే."

నీలవేణి తుపాకీ దించింది. నిజమే, మొదట అనుకున్నది మందను సగం చేయడమే. ఒక ఏడాది జననాలు సున్నాకు వచ్చాయి, అందరూ మెచ్చుకున్నారు, గుట్టకన్ను లెక్కలో ఆ సున్నాయే లక్ష్యంగా స్థిరపడిపోయింది. ఈ గుట్టమీద కోతులు అంతరించాలని మాత్రం ఎవరూ నిర్ణయించలేదు.

ఆమె సూదిని గొట్టంలోంచి తీసి పెట్టెలో పెట్టింది. కోతికి జబ్బా, దూరం ఎక్కువైందా అని గుట్టకన్ను అడిగింది. రెండూ కావని, తానే వదిలేస్తున్నానని నీలవేణి చెప్పింది. అలాంటి జవాబుకు దానిలో చోటు లేదు. మళ్ళీ అడిగింది. అదే జవాబు విని, గుట్టమీద టీకాలన్నీ ఆపేసి జిల్లా కార్యాలయానికి కబురు పంపింది.

కాసేపటికి అధికారి శేషగిరి ఫోన్ చేశాడు. ఆయన కోప్పడలేదు. మరి ఏడాదికి ఎన్ని పిల్లలను పుట్టనివ్వాలని అడిగాడు.

"అది నేను చెప్పేది కాదు సార్. తండావాళ్ళను అడగాలి," అంది నీలవేణి.

మర్నాడు శేషగిరి స్వయంగా వచ్చాడు. తండా అంతా కూడింది. ఒక్కటీ వద్దని కొందరు, మా చేలు ఎవరు కాస్తారని ఇంకొందరు వాదించారు. చివరికి పోనీ ఏడాదికి ఒకటి అన్నారు. మంగ్లి లేచింది.

"ఒక్కటే పుడితే అది ఎవలతోని ఆడుకుంటది?"

ఒక్కటీ వద్దన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే శేషగిరి గుట్టకన్ను లెక్కలోని సున్నాను చెరిపేసి నాలుగు వేశాడు.