పోలి మూటలో తోముడుకాయ

సాగరగిరి రాజ్యంలో జనానికి రెండే పిచ్చులు. ఒకటి తమ ఇత్తడి తళతళా తోమడం, రెండోది పక్కింటి ఇత్తడి చూసి కుళ్ళుకోవడం. అలాంటి ఊళ్ళో ధూమ్రాక్షుడనే మాంత్రికుడికి ఎవరో మసిచెంబుతో మంచినీళ్ళిచ్చారు. ఆయన నీళ్ళు శుభ్రంగా తాగి మరీ శపించాడు. రాజుగారితో సహా అందరూ పాదాల నుంచి పైకి రాయైపోవడం మొదలైంది.

ఆ రోజు చేపల వేటకు సముద్రం మీదికెళ్ళిన పోలి ఒక్కతే తప్పించుకుంది. ఇంటికొచ్చేసరికి, తల్లిలా తనని పెంచిన అక్క నూకాలు మోకాళ్ళ దాకా రాయి.

పోలి పరుగున వెళ్తే, శాపం తాకని కొండ మీది ముని తాళపత్రంలో ఒక బొమ్మ చూపించాడు. అస్తమించే సూర్యుడిలాంటి పండు. "దీని రసం పెదవులకు తగిలితే రాయి కరుగుతుంది. కానీ దీని పేరు ఏ నేల మీద పుట్టిందో ఆ నేలలో పండిందే పనిచేస్తుంది. ఆ పేరు నాకూ తెలీదు. పడమటి దేశాల్లో కాస్తుందని విన్నాను. ఆరు నెలల్లో రాయి గొంతు దాటుతుంది, తల్లీ."

ముని పెంచుకునే రెండు తలల గండభేరుండం ఆమెను మోయడానికి సిద్ధపడింది. "మూడు చోట్ల దించుతాం. నాలుగో ప్రయాణం ఇంటికే," అంది మొదటి తల.

"ఉత్తచేతుల్తో," అంది రెండోది.

నూకాలు చెల్లెలికి రాగిచెంబు ఇప్పించింది. "తోముకోడానికి రెండు కాయలు మూటలో ఎయ్యే. నల్లసెంబుతో దేశాలమ్మట తిరక్కు."

"ఇంత జరిగినా బుద్ధి రాలేదప్పా నీకు," అని పోలి ఏడుస్తూనే నవ్వింది.

గండభేరుండం ముందు హాలెండులో దించింది. అక్కడ అద్దాల ఇంట్లో పెరిగే ఆ చెట్లకి మంచుభూతం కాపలా. పోలి వంద తొట్ల చుట్టూ పేరుకున్న మంచుని చేతులు కమిలేలా ఒలిస్తే గాని అది నోరు విప్పలేదు. "మేం చీనా ఆపిలంటాం. చీనావాళ్ళు ఏమంటారో తెలీదు గాని, ఇలా మాత్రం అనరు. ఇది మేం కట్టిన పేరు."

యవనుల దేశమైన గ్రీసులో మాట్లాడే మేక ఒకటి నిట్టనిలువు కొండ ఎక్కించి, శిఖరం మీద తాపీగా చెప్పింది. "మాకిది పోర్తొకాలి. పోర్చుగల్ ఓడల్లో వచ్చిందిలే, ఆ పేరే తగిలించాం."

పోర్చుగల్ తోటలో ముసలి రాక్షసి పెదవి విరిచింది. "మేం లరాంజ అంటాం. ఆ పేరు మాదీ కాదు. తూర్పు నుంచి వచ్చిందంటారు."

అందరూ పక్కవాడి గోడ మీదుగా వేలు చూపించేవాళ్ళే. ఇక మిగిలింది ఇంటి ప్రయాణం. పోలి ఆ తోట కాలవ ఒడ్డునే కూలబడింది. అక్క మాట గుర్తొచ్చి, మూటలోంచి ఎండిన కాయ తీసి చెంబు తోమసాగింది.

రాక్షసి ముక్కుపుటాలు అదిరాయి. "నా తోటలో కాయ దొంగిలించావా?"

"నీ తోటదెందుకత్తా, ఇది మా పెరట్లో నారింజ. ఇత్తడి తోముకునేది."

"మళ్ళీ అను."

"నారింజ."

రాక్షసి నేలమీద చతికిలబడింది. "మా పక్కన స్పెయినువాళ్ళు నరంహ అంటారు. వాళ్ళకి నేర్పిన అరబ్బులు నారంజ్ అన్నారు. వాళ్ళకి నేర్పిన పారసీకులు నారంగ్ అన్నారు. వాళ్ళు మీవైపు నుంచి తెచ్చుకున్నారు. పేరు పుట్టింది మీ నేలమీదే, పిల్లా."

"మాది ఆకుపచ్చగా ఉంటాది, అత్తా. ఆ బొమ్మలో రంగు మా తాతలు కూడా సూళ్ళేదు."

"ఎప్పుడైనా పండనిచ్చారా?"

పోలి చేతిలోని కాయని తిప్పి చూసింది. వారం వారం పచ్చిగానే కోసి తోమేస్తారు. చెట్టుకి ఒక్కటి మిగలదు.

"చెప్పానా, ఉత్తచేతుల్తోనే," అని గండభేరుండం రెండో తల దారంతా సణుగుతూనే ఉంది.

ఊరు దిగితే చప్పుడు లేదు. నూకాలు గొంతు దాకా రాయి. గూట్లో ఇత్తడి బిందెలు బొగ్గుల్లా ఉన్నాయి. ఆరు నెలలుగా తోమే చెయ్యి ఏదీ?

పోలి గబుక్కున పెరట్లోకి పరిగెత్తింది. కోసేవాళ్ళు లేక, కొమ్మకొమ్మకీ అస్తమించే సూర్యుళ్ళు వేలాడుతున్నాయి.

రసం పెదవులకు తగలగానే నూకాలు మొహం వికారంగా పెట్టింది. "ఇత్తడి తోముకునేది నోట్లో పోస్తావేటే?"

సాయంత్రానికి ఊరంతా కాళ్ళు విదుల్చుకుంది. రాజుగారు తమ తర్వాత రాజ్యం పోలిదేనని చాటించారు. గద్దెనెక్కాక పోలి వేసిన మొదటి ఆజ్ఞ ఒక్కటే: చెట్టుకొక కొమ్మ కొయ్యకుండా వదలాలి. ఆ కొమ్మల కింద అక్కాచెల్లెళ్ళు కొంచెం మసిపట్టిన చెంబులతోనే చల్లగా బతికారు.