మూడో బోయా

శవం తాడుకు చిక్కుకుని పైకి వచ్చింది.

ఆదివారం. ఉదయం పదకొండు దాటింది. గోదావరిఖని బయట, గోదావరి వెనకనీళ్లు చెరువులా నిలిచిన చోట ట్రయథ్లాన్ అప్పుడే ముగిసింది. ముందు ఈత, తర్వాత సైకిలు, ఆ పైన పరుగు. మూడూ ఆగకుండా చేసే పోటీ. పతకాలు పంచేశారు. గుడారంలో టిఫిన్లు నడుస్తున్నాయి.

ఈతగాళ్లకు దారి చూపడానికి నీళ్ల మీద వదిలిన నారింజ రంగు బోయాలను ఇద్దరు పనివాళ్లు పడవలో వెళ్లి ఊడదీస్తున్నారు. మొదటిది తేలిగ్గా వచ్చింది. రెండోదీ వచ్చింది. ఒడ్డుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న మూడోదాని లంగరు తాడు మాత్రం కదల్లేదు. ఇద్దరూ కలిసి లాగారు.

ముందు పసుపు రంగు ఈత టోపీ కనిపించింది. తర్వాత ముఖం.

కళ్లకు గాగుల్స్ అలాగే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ మమత వచ్చేసరికి శవాన్ని ఒడ్డున టార్పాలిన్ మీద పడుకోబెట్టారు. ఆమె ముందు పాదాలు చూసింది. అది చిన్నప్పటి అలవాటు. వాళ్ల నాన్న గనిలో పనిచేసేవాడు. గనిలో కప్పు కూలితే ముఖం చూసి గుర్తుపట్టే వీలుండేది కాదు. ఆడవాళ్లు పాదాలు చూసి ఏడ్చేవాళ్లు.

ఎడమ చీలమండ మీద ఎర్రటి గీతలు. గోళ్లు గీరినట్టు. కొత్తవి.

చనిపోయిన వ్యక్తి పేరు జగదీశ్వర్. ముప్ఫై ఆరేళ్లు. కొత్తగూడెంలో గని ఎలక్ట్రీషియన్. ముగ్గురు స్నేహితులతో కలిసి నిన్న సాయంత్రమే వచ్చాడు.

"సూసైడ్ అనిపిస్తుంది మేడం," అన్నాడు ఎస్సై ప్రశాంత్. ఆ మాటకు అతని దగ్గర ఆధారం లేకపోలేదు. పోటీలో ప్రతి ఒక్కరి చీలమండకూ టైమింగ్ చిప్ ఉన్న పట్టీ కడతారు. నీళ్లలోంచి బయటికి వస్తూ ఒడ్డున పరిచిన మ్యాట్ తొక్కగానే టైమ్ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. జగదీశ్వర్ చిప్ ఆ మ్యాట్ దాటింది. ఆ తర్వాత ఎక్కడా లేదు. అతని పట్టీ సైకిల్ హ్యాండిల్‌కు వేలాడుతూ దొరికింది. అంటే ఈత పూర్తి చేశాడు, పోటీ మానుకున్నాడు, పట్టీ విప్పేశాడు, మళ్లీ నీళ్లలోకి వెళ్లాడు.

పోటీ నడిపిన క్లబ్ సెక్రటరీ వీరేందర్ మొహం పాలిపోయి ఉంది. నీళ్లలో లెక్క తప్పలేదని, అందరూ బయటికి వచ్చినట్టు చిప్‌లు చూపించాయని, అందుకే వెతకలేదని చెప్పాడు. జగదీశ్వర్ మానుకున్నట్టు అతని స్నేహితుడు ఆదిత్య వచ్చి చెప్పాడట. పేరు కొట్టేశారట.

మమత సైకిళ్ల స్టాండు దగ్గరికి నడిచింది. జగదీశ్వర్ సైకిలు పక్కన టవల్ ఉంది. దాని మీద బూట్లు. బూట్లలో పౌడరు చల్లిన సాక్సులు. చుట్టూ ఉన్న మిగతా టవళ్లన్నీ బురద కొట్టుకుని ఉండలు చుట్టి పడున్నాయి.

ఇతని టవల్‌కు ఇస్త్రీ మడత చెదరలేదు.

మమత దాన్ని ఫోటో తీయించింది.

స్నేహితులు ముగ్గురినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడింది. కృష్ణప్రియ కొత్తగూడెంలో పళ్ల డాక్టరు. తల దించుకునే జవాబులు చెప్పింది. ఈతలో తాను ముందు వరసలో ఉన్నానని, జగదీశ్వర్‌ను నీళ్లలోకి దిగేటప్పుడు చూడటమే చివరిసారని చెప్పింది. రాంప్రసాద్‌కు బట్టల కొట్టుంది. అతనిదీ అదే మాట. జగదీశ్వర్ మానుకున్నాడని ఇద్దరికీ ఎలా తెలుసు? ఆదిత్య చెప్పాడు.

ఆదిత్య సివిల్ ఇంజనీరు. కాలేజీ రోజుల్లో ఈతలో రాష్ట్రస్థాయి పతకాలు గెలిచినవాడు. నిండా దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

"ఆయన్ని చివరిసారి ఎక్కడ చూశారు?"

"సైకిళ్ల దగ్గరండి. ఇద్దరం కలిసే బయటికి వచ్చాం."

"మీరంత మంచి ఈతగాడు. వెనక ఎందుకున్నారు?"

"వాడికి ఈత కొత్త. పక్కనే ఉంటానని మాటిచ్చాను."

"ఏమన్నాడు?"

"గుండె దడగా ఉందన్నాడు. నా వల్ల కాదు, నువ్వు వెళ్లు అన్నాడు. పట్టీ విప్పి హ్యాండిల్‌కి తగిలించాడు. నేను సైకిలెక్కాను." ఆదిత్య దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "ఆగాల్సిందండి. ఆగలేదు."

"టోపీ, గాగుల్స్ తీశాడా?"

ఆదిత్య నీళ్ల వైపు చూశాడు. "గమనించలేదండి."

మధ్యాహ్నానికి శవాన్ని దవాఖానకు పంపించారు. మూడున్నరకు జగదీశ్వర్ భార్య సంతోషి అన్నతో కలిసి వచ్చింది. అప్పటికే ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. మమత ఆమెను మార్చురీ వెనక నీడలోకి తీసుకెళ్లి, నీళ్లు తాగించి, పక్కన కూర్చుంది.

ఎస్సై అనుమానాన్ని మెల్లగా చెప్పింది. సంతోషి తల అడ్డంగా ఊపింది.

"నీళ్లంటే ఆయనకు చిన్నప్పటి సంది భయం అక్కా. పుష్కరాలప్పుడు గూడ చెంబుతోటి పోసుకున్నడు. ఒక్కడే నీళ్లల్లకు పోడు. సావాలనుకున్నా గట్ల సావడు."

"మరి ఈ పోటీకి ఎట్ల ఒప్పుకున్నడు?"

"ఆదిత్య సార్ నేర్పిండు. ఎండకాలం సంది క్లబ్‌ల పట్టువట్టి నేర్పిండు. అలసిపోతే నా భుజం పట్టుకో అంటుండెనట."

మమత, ఈమధ్య ఇంట్లో ఏదైనా ఫికరు ఉండేదా అని అడిగింది. ఉండేదని సంతోషి ఒప్పుకుంది. డిసెంబరు నుంచి అతనికి నిద్ర లేదు. రాత్రిళ్లు లేచి గడప మీద కూర్చునేవాడు. ఆదివారం వస్తే టిఫిన్ డబ్బాలో అన్నం, కూర పెట్టించుకుని బుచ్చన్న అనే ముసలాయన గుడిసెకు వెళ్లేవాడు. ఆ బుచ్చన్న తమకు చుట్టమూ కాదు, తెలిసినవాడూ కాదు. ఎందుకని అడిగితే మాట్లాడేవాడు కాదు.

"శుక్రవారం నాడు అన్నడు. ఈ పోటీ అయిపోనియ్యి, సోమవారం పొద్దుగాల పోలీస్ స్టేషన్‌కు పోవాలె, నువ్వు గూడ నా ఎంబడి రా అని. ఏందయ్యా అంటే, ఇంకొకలు గూడ వస్తరు, ఆయన నోటితోనే చెప్పనీ అన్నడు."

మమత లేచి కొత్తగూడెం స్టేషన్‌కు ఫోన్ చేసింది. బుచ్చన్న పేరు చెప్పగానే అక్కడి ఇన్‌స్పెక్టరుకు గుర్తొచ్చింది. బుచ్చన్న భార్య సమ్మవ్వ ఆఫీసులు ఊడ్చే మనిషి. డిసెంబరులో ఒకనాడు తెల్లవారుజామున పనికి నడిచిపోతుంటే బైపాస్ మీద కారు గుద్దింది. ఆపకుండా వెళ్లిపోయారు. కారేదో ఇప్పటిదాకా తెలియలేదు.

తర్వాత ఆమె రాంప్రసాద్‌ను పిలిచి రెండే ప్రశ్నలు అడిగింది.

"తెల్లవారుజామున సైకిల్ ప్రాక్టీసు ఎక్కడ చేసేవాళ్లు?"

"బైపాస్ మీదండి. ఆదిత్య వంతులు వేసేవాడు. ఒకరు తొక్కుతుంటే ఒకరు వెనక కార్లో లైట్లు వేసుకుని వచ్చేవాళ్లం."

"ఎవరి కారు?"

"ఆదిత్యదండి. డిసెంబర్లో అమ్మేశాడు. బంగారంలాంటి బండి. ఎందుకని అడిగినా చెప్పలేదు. అందుకే ఇక్కడికి నా కార్లో వచ్చాం."

పోస్టుమార్టం చేసిన డాక్టరు ఫోన్ చేశాడు. నీళ్లలో మునగడం వల్లే ప్రాణం పోయింది. కానీ రెండు భుజాల పైనా, మెడ వెనకా వేళ్ల అచ్చులున్నాయి.

ఇక మిగిలింది ఒకటే. ఒడ్డున మ్యాట్ పక్కనే నిలబడి, బయటికి వచ్చే ప్రతి ఈతగాడినీ ఫోటో తీసిన కుర్రవాడు ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. ప్రశాంత్ అతన్నీ, అతని కెమెరానూ జీపులో ఎక్కించుకొచ్చాడు.

సాయంత్రం ఆరింటికి మమత అందరినీ ఖాళీ అయిన గుడారంలోకి పిలిపించింది. అవతల థర్మల్ స్టేషన్ చిమ్నీల పొగలో పొద్దు గుంకుతోంది. కృష్ణప్రియ, రాంప్రసాద్ ఒక పక్క. సంతోషి, ఆమె అన్న ఇంకో పక్క. మధ్యలో ఆదిత్య. వీరేందర్ లాప్‌టాప్ తెరిచి నిలబడ్డాడు.

మమత కూర్చోలేదు.

"జగదీశ్వర్ ఒడ్డుకు వచ్చాడని పొద్దుటి నుంచీ అందరూ అంటున్నారు. ఎవరు చూశారు? కృష్ణప్రియ గారు చూడలేదు. రాంప్రసాద్ గారు చూడలేదు. సెక్రటరీ చూడలేదు. చూసింది ఒక చిప్. ఇంకొకరు ఆదిత్య గారు."

ఆమె కృష్ణప్రియను చూసింది.

"ఈతయ్యాక ఎవరైనా మొదట చేసే పని ఏమిటి డాక్టర్ గారూ?"

"గాగుల్స్ పైకి లాగుతామండి," అంది కృష్ణప్రియ. "ఆవిరి పట్టి దారి కనపడదు. పరిగెత్తుతూనే టోపీ తీసేస్తాం."

"తర్వాత?"

"టవల్ మీద నిలబడి కాళ్లు తుడుచుకుంటాం."

"జగదీశ్వర్ టవల్ మడత కూడా విప్పలేదు. గాగుల్స్ కళ్ల మీదే ఉన్నాయి. నీళ్లంటే భయపడే మనిషి, గుండె దడగా ఉందన్న మనిషి, గాగుల్స్ కూడా తీయకుండా మళ్లీ ఒక్కడే మూడో బోయా దాకా ఈదుకుంటూ పోయాడా? పోలేదు. అతను ఒడ్డుకే రాలేదు. అతని చిప్ వచ్చింది."

ఆమె వీరేందర్ వైపు తిరిగింది. అతను తెర మీద రెండు పేర్లు చూపించాడు. జగదీశ్వర్, ఆరు గంటల యాభై ఎనిమిది నిమిషాల పద్నాలుగో సెకను. ఆదిత్య, ఆరు గంటల యాభై ఎనిమిది నిమిషాల పద్నాలుగో సెకను.

"పక్కపక్కనే వచ్చామండి," అన్నాడు ఆదిత్య. "అదే కదా చెప్పాను."

మమత ఫోటో తెర మీద పెట్టించింది.

అదే సెకను. అదే మ్యాట్. పొగమంచులోంచి ఒక్క మనిషే వస్తున్నాడు. వెనక నీళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆదిత్య ఎడమ చీలమండకు పట్టీ ఉంది. కుడి పిడికిలి బిగించి ఉంది. ఆ పిడికిట్లోంచి నీలం రంగు పట్టీ కొస వేలాడుతోంది.

ఆదిత్య ఆ ఫోటోను చాలాసేపు చూశాడు.

"సమ్మవ్వను గుద్దిన కారు ఎవరు నడిపారు?" అని అడిగింది మమత.

కృష్ణప్రియ చటుక్కున తలెత్తింది. రాంప్రసాద్‌కు మెల్లగా అర్థమైంది. అతను కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఆ తర్వాత ఆదిత్య దాచలేదు. ఆ రోజు జగదీశ్వర్ ముందు సైకిల్ తొక్కుతున్నాడు. తాను వెనక కార్లో ఉన్నాడు. ఒక్క రెప్పపాటు నిద్ర ముంచుకొచ్చింది. జగదీశ్వర్ వెనక్కి పరిగెత్తుకొచ్చి సమ్మవ్వ తల ఒళ్లో పెట్టుకున్నాడు. ప్రాణం పోయిందని చూశాక ఆదిత్య అతన్ని లాక్కుని కార్లో పడేశాడు. రెండు నెలలు బతిమాలాడు. పోటీ దాకా ఆగమన్నాడు. జగదీశ్వర్ ఆగాడు. నీ అంతట నువ్వే వచ్చి చెబితే బాగుంటుంది, నేను నీ పక్కనే నిలబడతాను అన్నాడు.

"చంపాలని రాలేదండి. మూడో బోయా తిరిగేటప్పుడు ఆయాసమొచ్చి నా భుజం పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టుకునేవాడే. ఈ పొగమంచులో ఇక్కడ చూసేవాళ్లు లేరు అనిపించింది. అంతే."

"పోటీ అయ్యాక నా పక్కన కూర్చుని ఇడ్లీ తిన్నావు ఆదిత్యా," అంది కృష్ణప్రియ. గొంతు పెంచలేదు. "వాడి వాటా పక్కన పెట్టించావు."

ప్రశాంత్ ఆదిత్యను జీపు దగ్గరికి నడిపించుకుపోయాడు. రాంప్రసాద్ బయటికి వెళ్లి గుడారం గుంజకు ఆనుకుని కూర్చున్నాడు.

సంతోషి మాత్రం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. మమత వచ్చి ఎదురుగా నిలబడింది. ఇలాంటప్పుడు చెప్పడానికి ఆమె దగ్గర మాటలుంటాయి. డ్యూటీలో ఎన్నోసార్లు చెప్పింది.

"భయపడ్డడా అక్కా?" అని అడిగింది సంతోషి.

లేదని చెప్పాలనే మమత నోరు తెరిచింది. చెప్పలేకపోయింది.

"భయపడే ఉంటడు చెల్లె. జరసేపే."

సంతోషి తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. శవాన్ని ఎప్పుడిస్తారని అడిగింది. కాగితాలు అయిపోయాయని, అంబులెన్సు సిద్ధంగా ఉందని మమత చెప్పింది. కొత్తగూడెం చేరేసరికి అర్ధరాత్రి దాటుతుందని, ఇంటిదాకా కానిస్టేబుల్ తోడు వస్తాడని కూడా చెప్పింది.

"ఇంటికి తర్వాత," అంది సంతోషి లేచి నిలబడుతూ. "ముందుగాల్ల బండి బుచ్చన్న ఇంటి దిక్కు పోనియ్యమను. రేపు సోమవారమే గద. ఈయన చెప్తనన్నది నేను చెప్పి పోత."