లోపలి మిషన్

"ఎవరు చెప్పినారు నీకు షట్‌డౌన్ కొట్టమని?"

తిరుపాలు అరుపుకు కంప్యూటర్ రూమంతా తిరిగి చూసింది. భ్రమరాంబిక చేరి ఇంకా వారం కాలేదు. అప్పుడే నంద్యాల విత్తనాల కంపెనీ మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్‌ను నిలువునా ఆపేసింది. గోడౌన్ దగ్గర లారీలన్నీ బిల్లుల్లేక ఆగిపోయాయి.

"మీరే కదా కొట్టమన్నారు!"

"లోపలి మిషన్‌లో కొట్టమన్నా. నువ్వు అసలు దాంట్లో కొట్టినావ్."

"రెండూ ఒకే మాదిరి కనపడ్తాంటే నాకెట్ల తెలుస్తాది?"

అదీ నిజమే. పెద్ద మిషన్ లోపల ఒక ఉత్తుత్తి మిషన్, దాని లోపల ఇంకొకటి. టేపులోంచి కంపెనీ సరంజామా అంతా అందులోకి దింపి, కావాలని చెడగొట్టి, మళ్ళీ నిలబెట్టి చూడటం వాళ్ళ పని. లోపల ఎంత కూలినా బయట ఎవరికీ తెలియదు.

"ఏది కొట్టినా, ముందు 'నేను యాడుండా' అని మిషన్‌ను అడగల్ల. అది చెప్పినాంకనే చెయ్యి పెట్టల్ల" అన్నాడు తిరుపాలు.

మూతి ముడుచుకుంది గానీ ఆ మాట ఆమె మరిచిపోలేదు.

ఏడాది గడిచి 2004 వానాకాలం వచ్చింది. కొత్త సాఫ్ట్‌వేర్ లోపలి మిషన్‌లో నిలబడనంటోంది. టేపు ఎక్కించడం, లోపలి మిషన్ కూలడం, మళ్ళీ మొదటికి రావడం. ఇద్దరికీ కళ్ళు మండుతున్నాయి, టీ కూడా చేదెక్కింది.

ఆఫీసులో అందరినీ అన్నా అని పిలిచే భ్రమరాంబిక, తిరుపాలును మాత్రం ఏ పేరుతోనూ పిలవకుండా నెట్టుకొస్తోంది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ నోరు పెగలదు.

"ఆదివారం ఉయ్యాలవాడోళ్ళు మా ఇంటికి వస్తాండారు" అంది ఆ శుక్రవారం, ఆళ్ళగడ్డ నుంచి తడుస్తూ బస్సు దిగివచ్చి.

"ఎందుకు?"

"నన్ను చూసేకి. నాయనకు సంబంధం నచ్చింది."

"మంచిదే" అన్నాడు తిరుపాలు. వెంటనే తన నోటిని తానే తిట్టుకున్నాడు.

"అంతేనా?" అని ఆమె తన కుర్చీలోకి పోయింది.

తిరుపాలుకు ఒక రహస్యపు అలవాటుంది. లోపలి మిషన్‌లోకి అందరి పేర్లూ కాపీ అవుతాయి, ఆమె పేరు కూడా. నెలలుగా ఆ పేరుకు మెసేజ్ కొడుతున్నాడు. "నిన్ను పెళ్ళి చేసుకుంటా. మీ నాయనతో మాట్లాడేదా?" ప్రతిసారీ మిషన్ ఒకటే చెబుతుంది, ఆ పేరుతో ఎవరూ లాగిన్ కాలేదని. ఆ జవాబు చూస్తే అతనికి ప్రాణం హాయిగా ఉంటుంది.

మధ్యాహ్నం లోపలి మిషన్ మళ్ళీ కూలింది. అలసిపోయి, అలవాటు కొద్దీ అదే మెసేజ్ కొట్టాడు. ఈసారి మిషన్ ఏమీ అనలేదు. పక్క వరుసలో భ్రమరాంబిక టెర్మినల్ బీప్‌మంది.

తిరుపాలు స్క్రీన్ మీదికి ఆమె జవాబు వచ్చింది.

"యాడుండావో అడిగినావా?"

వెంటనే మిషన్‌ను అడిగాడు. అసలు మిషన్ అని చెప్పింది. లోపలిది కూలినప్పుడే తాను బయటికి వచ్చి పడ్డాడు.

భ్రమరాంబిక లేచి వచ్చి వెనక నిలబడింది. పొరపాటన్నా నమ్ముతుంది, ఆమె కూడా అదే తప్పు చేసిన మనిషి.

"పొరపాటైతే చెప్పు. చూడనట్టే ఉంటా. ఆదివారం వాళ్ళు వస్తారు, అంతే" అంది. గొంతులో ఓపిక లేదు.

"పొరపాటే" అన్నాడు.

ఆమె ముఖం వాడిపోయింది.

"ఇప్పుడు తెలిసి కొడతా. పోయి కూర్చో."

ఆమె కూర్చుంది. తిరుపాలు ఇంకోసారి తానెక్కడున్నాడో అడిగి, చూసుకుని, అవే అక్షరాలు ఒక్కొక్కటే కొట్టాడు. బీప్ వినపడింది. ఉన్నది చిన్న మెసేజే అయినా ఆమె చాలాసేపు చదివింది. కిటికీ మీద వాన జోరందుకుంది.

"ఆదివారం పొద్దున్నే ఆళ్ళగడ్డకు రా. ఉయ్యాలవాడోళ్ళు వచ్చే లోపల నాయనతో మాట్లాడు" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"ముందు నీతో ఒకసారి ప్రాక్టీసు చేసి..."

"మా నాయనకు లోపలి మిషన్ లేదు తిరుపాలూ!"

ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.