ఇడిచిన చేను

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు కొర్రా సలోమి తెర మీద నాబోతు బొమ్మ కాళ్లకున్న చెప్పులను మూడోసారి తీసేసింది. చేలోకి చెప్పులతో దిగే మనిషి ఆమె కొండల్లో లేడు. బొమ్మలు అల్లే యంత్రం అల్లికకు ఆ సంగతి రెండుసార్లు చెప్పింది. మూడోసారి కారణం రాసి ముద్ర వేసింది.

నర్సీపట్నం రూపశాలలో ఆమె సరిచూపరి. బైబిలు కథలను అల్లిక రెండు వందల పన్నెండు భాషల్లో తెర మీద ఆడే దృశ్యవాక్యాలుగా అల్లుతుంది. ఏ జనానికి ఆ జనం మొహాలు, ఇళ్లు, పంటలు తొడుగుతుంది. తప్పు తొడిగితే సరిచూపరి విప్పాలి.

ఆ రోజు కథ నాబోతుది. రాజు అతని ద్రాక్షతోట అడుగుతాడు. తాతముత్తాతల నుంచి వచ్చిన నేల ఇవ్వనంటాడు నాబోతు. ఇద్దరు అబద్ధ సాక్ష్యం చెబుతారు. జనం నాబోతును రాళ్లతో కొట్టి చంపుతారు. తోట రాజుకు వెళుతుంది.

పర్యవేక్షకుడు విల్సన్ బాబు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయనది భీమవరం.

"ఏమ్మా సలోమీ, ద్రాక్షతోట ఏమైపోయింది?"

"చోడి చేను చేసినాను సార్. ద్రాక్ష మావోళ్లు సంతలోనే చూస్తారు."

"రాజు అంతవాడు రాగి చేను మీద పడ్డాడంటే నమ్ముతారంటావా?"

"మావోళ్లా? ఎంటనే నమ్ముతారు."

విల్సన్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మూడో అంకం సాక్షులది. వాళ్లు మోపే నేరం, దేవుణ్ణీ రాజునూ తిట్టాడన్నది, తాళం వేసిన వాక్యం. దాన్ని మార్చే హక్కు ఎవరికీ లేదు. పాత్రకు ఒక్క పూరకమాట మాత్రం సరిచూపరి చేర్చవచ్చు. సలోమి మొదటి సాక్షి నోట ఒక మాట పెట్టింది: "సేను ఇడిసీసినాడు."

"అంటే?" అన్నాడు విల్సన్.

"వదిలేశాడని సార్. ఆ మాట లేకపోతే మడిసి చచ్చినాక సేను రాజుకెలాగెళ్లిందో మావోళ్లకి తెలీదు."

విల్సన్ తన ముద్ర వేశాడు. సలోమి చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

తర్వాత ఆమె సాక్షికి దగ్గు పెట్టింది. ప్రమాణానికి ముందు రెండుసార్లు, పొడిగా. బతికున్న మనిషిని పాత్ర పోలితే పోలికజల్లెడ పట్టేస్తుంది. అది మొహం, గొంతు, నడక చూస్తుంది. దగ్గు దాని జాబితాలో లేదు.

పద్నాలుగేళ్ల కిందట ఆమె ఊరు జోడుగుమ్మికి మేఘకోత సర్వేయర్లు వచ్చారు. మబ్బుల నుంచి నీళ్లు కోసే గోపురానికి చోటు కావాలి. సలోమి తండ్రి డొంబు పోడు చేను పొదలెక్కి ఉంది. ఏమిటిది అని అడిగారు. డొంబు "ఇడిసినాను" అన్నాడు. ఆ కొండల్లో చేను ఇడవడమంటే ఏడేళ్లు నేలకు విశ్రాంతి ఇవ్వడం. ఎనిమిదో ఏట మళ్లీ దున్నుతారు. సర్వేయర్లకు ఆ మాట అర్థం విప్పి చెప్పింది ఊరివాడు పాంగి జక్కరయ్య. రెండు అర్థాలూ అతనికి తెలుసు. రెండుసార్లు దగ్గి, "ఇడిసీసినాడు. హక్కు ఒద్దన్నాడు" అన్నాడు. గోపురం కాపలా పని అతనికి వచ్చింది. ఎనిమిదో ఏట డొంబు పొదలు కొట్టడానికి వెళ్లాడు. అక్రమ ప్రవేశం కేసు పెట్టారు. కోర్టులో జక్కరయ్య అదే మాట మళ్లీ చెప్పాడు. డొంబు జైలులో పదకొండో నెలలో చనిపోయాడు. జక్కరయ్య ఇప్పుడు జోడుగుమ్మి సంఘపెద్ద.

తొలి ప్రదర్శన ఎప్పుడూ ఒక్క ఊళ్లోనే ఉంటుంది. ఈసారి జోడుగుమ్మి వంతు. పదకొండున్నరకు ప్రార్థన మందిరంలో తెర వెలిగింది. హాజరు అరవై నాలుగు. జక్కరయ్య ముందు వరసలో కుర్చీ వేసుకున్నాడు. మిగతావాళ్లు చాపల మీద కూర్చున్నారు. నర్సీపట్నంలో సలోమి తన బల్ల మీది తెరలో మందిరాన్ని చూస్తోంది.

సాక్షి రెండుసార్లు దగ్గాడు. చాపల మీద కదలిక ఆగింది.

"సేను ఇడిసీసినాడు," అన్నాడు సాక్షి.

తెర ఆగింది. ప్రతి అంకం చివర అల్లిక జనాన్ని ఒక ప్రశ్న అడుగుతుంది. "ఈ మాట మీరు ఎక్కడైనా విన్నారా?" అని అడిగింది.

సలోమి తల్లి చిలకమ్మ లేచి నిలబడింది. "ఇన్నాం. జక్కరయ్య మాట ఇది."

"ఏటే చిలకమ్మా, దేవుడి ఇంట్లోన..." జక్కరయ్య కుర్చీలోంచి సగం లేచాడు. మాటకు ముందు దగ్గాడు. రెండుసార్లు.

వెనక ఎవరో నవ్వారు.

"కూకో," అంది చిలకమ్మ. "బొమ్మ ఇంకా అవలేదు."

ఆమె తర్వాత మరో నలభై మంది అదే పేరు చెప్పారు.

సగానికి మించిన నోళ్లు ఒకే పేరు చెబితే అల్లిక ఆ పేరును పాత్రకు పెడుతుంది. మోషేను, రూతును జనం తమ ఇంటి పేర్లతో పిలుచుకోవాలని పెట్టిన నియమం అది. దుర్మార్గుడికి ఎవరైనా పేరు పెడతారని నియమం రాసినవాళ్లు అనుకోలేదు.

పన్నెండూ ఇరవైకి విల్సన్ ఆమె బల్ల దగ్గరికి పరుగున వచ్చాడు.

"ఎవరమ్మా ఈ జక్కరయ్య?"

సలోమి చెప్పింది. నాలుగు వాక్యాల్లో చెప్పింది.

విల్సన్ పక్క బల్ల మీద కూర్చున్నాడు. "నాలుగింటికి పందొమ్మిది ఊళ్లలో ఆడుతుంది. జనం పెట్టిన పేరు నేను తీయలేను. నీ పూరకమాట నువ్వు వెనక్కి తీసుకుంటే పేరు దానంతటదే పోతుంది. తీసెయ్యమ్మా. పగ తీర్చడం మన పని కాదు, దేవుడిది."

"అందుకే కథ ఆయనదే ఉంచినాను సార్. మాటొక్కటే నాది."

"నా మాట విను. వదిలెయ్."

"ఇడిసీమంటారా సార్?"

విల్సన్ బల్ల దిగాడు. తన గదికి వెళ్లిపోయాడు.

పూరకమాట ఉపసంహరణకు గడువు మూడున్నర. సలోమి క్యారేజీ విప్పి అన్నం తింది. చెయ్యి కడుక్కుంది. తర్వాతి కథలో జాలరుల వలలు సరిచూసింది. మూడున్నరకు బల్ల మీద ఉపసంహరణ గడి మూసుకుపోయింది.

నాలుగు గంటలకు పందొమ్మిది ఊళ్లలో ప్రదర్శన మొదలైంది. మొదటి సాక్షి పేరు జక్కరయ్య. జోడుగుమ్మిలో రెండో ఆట చూడటానికి జనం మళ్లీ కూర్చున్నారు. ముందు వరసలో కుర్చీ ఖాళీ. హాజరు అరవై మూడు.