ఒలిచే చేతులు ఆగిన కథ

"ఈ పిల్ల కళ్ళు చేపల్లాగా ఉండాయని రాసినావే, యాడ చూసినావప్పా చేపల్ని?"

సోమందేపల్లె బస్టాండు పక్కన జిరాక్స్ షాపులో డీటీపీ చేసే నాగజ్యోతి, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే అడిగింది.

తిప్పేస్వామి గతుక్కుమన్నాడు. ఆరెకరాల వేరుశనగ రైతు కొడుకు, డిగ్రీ చదివి హైవే పక్కన కంపెనీలో సూపర్‌వైజర్. కలం పేరు మాత్రం శ్రావణమేఘ్. టైపు చేస్తూ ఆమె తన కథ చదువుతుందనే ఇచ్చాడు గానీ, ఇలా చదువుతుందనుకోలేదు.

"అది పోలిక మేడమ్."

"మన ఊర్లో చేపలంటే ఆదివారం బండి మీద ఐస్‌లో పండుకోని ఉంటాయి, కళ్ళు తేలేసి. ముందు ఆ పిల్లను ఆస్పత్రికి పిల్చుకోని పో."

ఆధార్ జిరాక్స్ కోసం నిలబడ్డ ముసలాయన కూడా నవ్వాడు.

"ఇంకోటి. పద్నాలుగు పేజీల్లో పదకొండు వానలు పడినాయి. పోయినేడు మన మండలం మొత్తానికి అన్ని పడలేదు."

"మా గ్రూపులో అందరూ అద్భుతం అన్నారు!"

ఆ వాట్సాప్ గ్రూపులో రెండొందల మంది రచయితలున్నారు. కథ పెట్టిన అర నిమిషంలో పద్నాలుగు పేజీలూ చదివేసి చప్పట్ల బొమ్మలు పెట్టేంత వేగం వాళ్ళది.

"అందరూ రాసేవాళ్ళేనా?"

"అవును."

"మరి సదివేదెవరు?"

తిప్పేస్వామి గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. ఒక వారపత్రిక పోటీకి గడువు పదిహేను రోజులుంది. మూడుసార్లు కథ తిరిగొచ్చింది. అదైనా ఓర్చుకోగలడు. మూడు నెలలుగా దారిలోని రెండు షాపులు దాటుకుని ఈ షాపుకే వస్తున్నాడే, ఈమె ఒక్కసారి 'బాగుంది' అంటే చాలు. కథలో అమ్మాయికి జ్యోత్స్న అని పేరు కూడా పెట్టాడు. ఇంతకంటే ఎలా చెప్పాలి?

"ఆదివారం మా ఇంటికాడికి రా," అంది నాగజ్యోతి. "ఇత్తనం కాయలు ఒలుస్తాండారు. మిషన్లో ఏస్తే గింజ పగులుతాదని మా అవ్వ చేత్తోనే ఒలిపిస్తాది. పదిమంది ఆడోళ్ళుంటారు. నీ కథ సదువు. చేతులు ఆగితే అది కథ. ఆగకపోతే ఉత్త కాగితం."

ఆదివారం తిప్పేస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. పందిరి కింద వేరుశనగ కాయల కుప్ప చుట్టూ ఆడవాళ్ళు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు: "నీలిమేఘం కాటుక కరిగి..."

టక్, టక్, టక్. ఒలిచే చేతులు ఒలుస్తూనే ఉన్నాయి.

మూడో పేజీలో తొలకరి పడింది. హీరో, జ్యోత్స్న తడుస్తూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు.

"ఆ వాన ఎంతసేపు పడినాది నాయనా?" నాగజ్యోతి అవ్వ నల్లమ్మ అడిగింది.

"సాయంత్రం దాకా అవ్వా," ఉత్సాహంగా అన్నాడు.

"అంటే నేలకు మంచి పదును! అంత పదునైతే గొర్రు కట్టుకోని ఇత్తనం ఏసుకోకుండా కళ్ళల్లోకి చూసుకుంటా నిలబడినాడా? వానికి నాయన లేడా? ఎంటబడి కొట్టలేదా?"

"ఎద్దులైనా సిగ్గుపడింటాయిలే అత్తా," ఇంకొకామె.

"అట్టా పిల్లోనికి పిల్లనెవరిస్తారప్పా?"

అందరూ విరగబడి నవ్వారు. చేతులు మాత్రం అప్పుడూ ఆగలేదు.

నాగజ్యోతి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "ఏడుస్తాండావా?"

"లేదు. దుమ్ము."

"మొదటి పేజీ చించేయ్, దాంట్లో ఏమీ జరగలేదు. చూసింది రాయి. చూడంది రాయాలంటే తెలిసినోళ్ళను అడుగు. రాసినంక బయటికి సదువుకో, నాలిక తట్టుకున్నకాడ కొట్టేయ్."

"తర్వాత?"

"మళ్ళా ఈడికే రా. ఇంకా ఐదు మూటలుండాయి ఒలిచేది."

ఆమె పెదవికి వేరుశనగ పొట్టు ఒకటి అంటుకుని ఉంది. పోయిన వారమైతే దాని మీద నాలుగు లైన్లు అల్లేవాడు. ఇప్పుడు ఊరికే చూశాడు.

మళ్ళీ ఆదివారం రెండే పేజీలు తెచ్చాడు. కలం పేరు లేదు, వాన లేదు. ఈ కథలో, కంపెనీలో పైసా ఖర్చు లేకుండా ప్రింటు తీసుకోగలిగిన ఒకడు, రెండు షాపులు దాటి మూడో షాపుకు పోతాడు. అక్కడొక పిల్ల కీబోర్డు మీది దుమ్ము చున్నీతో తుడుస్తుంది, తిడుతూనే ప్రతి అక్షరం చదువుతుంది. విత్తనం కాయలు ఒలిచేటప్పుడు, వాళ్ళవ్వ అటు తిరిగినప్పుడల్లా ఒక గింజ నోట్లో వేసుకుంటుంది. వాడు చూశాడు. ఎవరికీ చెప్పలేదు. తామిద్దరికే తెలిసిన సంగతి ఒకటైనా ఉండాలని.

పందిట్లో చప్పుడు లేదు. పది జతల చేతులు ఆగిపోయాయి. పదకొండో జత నాగజ్యోతిది. చేతులే కాదు, ఆమె దవడ కూడా ఆగింది.

"ఎవుర్తే అది, ఇత్తనం తినేది?" నల్లమ్మ మనవరాలి వైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగి, "తర్వాత ఏమైనాదప్పా?"

"అంతవరకే రాసినానవ్వా. మిగిలింది టైపు చేసే మేడమ్ చెప్పల్ల."

అప్పుడే ఇంటి రేకుల మీద టపటపమని పడింది. గాలి, వెనకే వాన.

ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూసుకోలేదు. "మూటలు! మూటలు!" అని అరుపులు. తిప్పేస్వామి కాగితాలు అవతల పడేసి ఒలిచిన విత్తనం మూట అందుకున్నాడు. రెండో కొస నాగజ్యోతి పట్టింది.

"కాగితాలు తడుస్తాండాయి!"

"తడవనీ. కథ మళ్ళా రాసుకోవచ్చు. ఇత్తనం తడిస్తే ఏం చేస్తాం?"

ఆమె ఒక్క క్షణం ఆగింది. "బాగుంది," అంది.

"ఏది?"

"కథ. టైపు చేస్తాలే, అంతా నాకు గుర్తుండాది."

"ముగింపు?"

"ఆ పిల్ల పిల్లోన్ని ఇంక వేరే షాపుకు పోనీదు, చాలా?"

"చూసుకునింది చాలు!" లోపలినుంచి నల్లమ్మ. "ఏమప్పా కతలోడా, ముందు మీ చేను ఇత్తుకో. అయినంక మీ నాయన్ను పిల్చుకోని రా, మాట్లాడల్ల. వచ్చేటప్పుడు మీ గొర్రు కూడా తీసుకోని రా."

గడువుకు ఒకరోజు ముందు కథ పోటీకి వెళ్ళింది. చివరి పేరా నాగజ్యోతిది.

ఆ వారమంతా గ్రూపులో 'వాన పడింది, కవితలు పంపండి' అని ఒకటే గోల. నూట తొంభై తొమ్మిది మంది పంపారు. పంపని ఒక్కడు మాత్రం నల్లమ్మ చేన్లో గొర్రు తోలుతున్నాడు. వెనక విత్తనం పోస్తున్న పిల్ల ఒక గింజ నోట్లో వేసుకుంటే, చూసీ చూడనట్టు ఎద్దుల్ని అదిలించాడు.